ఎండిన వంటచెఱకు

ఈ సాయంకాలము నేను తమతో ముచ్చటింపబోవు విషయము చిన్నది, కట్టెలు కొనుట. దీనికి రేడియోలో ప్రసంగమేల, తాతల నాటినుండి కొనుచునే యున్నాము గదా యని కొందఱు పెద్దలు నవ్వుకొనవచ్చును. కొనుచునే యున్నాము, నిజమే. కాని కట్టెల పేరిట ఏటేట ఎంత నీరు కొనుచున్నామో లెక్క చూచినవారు మనలో తక్కువ. ఆ లెక్క చెప్పుటకే నేను వచ్చితిని.

1999లో దీపము పథకము వచ్చినది. 2016లో ఉజ్జ్వల వచ్చినది. గ్యాసు సిలిండరు చేరని పల్లె నేడు అరుదు. అంతమాత్రమున కట్టెలు మన పెరడు విడిచి పోలేదు. అన్నము గ్యాసుమీద వండు నింటనే స్నానమునకు నీళ్ళు కట్టెలమీద కాగుచున్నవి. పశువులకు ఉలవలు ఉడికించుట, పెండ్లివంటలు, సంతర్పణలు, ఇవన్నియు నేటికిని కట్టెతో నడచుచున్నవే. ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతములందును, పాడేరు, చింతపల్లి, అరకు మన్యములందును పుష్యమాసపు వేకువజామున నెగడు లేనిదే ముసలివారికి తెల్లవాఱదు. లంబసింగి యొద్ద కొన్ని యేండ్లు చలి సున్న డిగ్రీల దఱికి దిగిన సంగతి తామెఱిగినదే.

మఱియొక మాట. కట్టెలు బేరమాడి కొనువారు తఱచు మగవారు. వానిని పొయ్యిలో పెట్టి ఊదువారు ఆడువారు. బేరమునందలి పొరపాటు అడితి యొద్ద తెలియదు; శ్రావణమాసపు ముసురులో వంటింట తెలియును. కావున దీనిని పెద్దలకే విన్నవించుచున్నాను.

మొదట కట్టెలో నీరెక్కడ నున్నదో చూతము. బ్రదికియున్న చెట్టు నేలనుండి నీరు పీల్చి కొమ్మల చివరలకు పంపుచుండును. దాని మాను కంటికి కానరాని సన్నని గొట్టముల కట్ట వంటిది. ఆ గొట్టముల బోలులో నిలిచిన నీరు ఒకటి. గొట్టపు గోడలలో ఇంకిన నీరు వేఱొకటి. చెట్టు కొట్టిన పిదప మొదటి నీరు సులువుగా పోవును. అది పోయినంతలో కట్టె రూపు మాఱదు. రెండవ నీరు గట్టిగా పట్టుకొని యుండును. అది వెడలునప్పుడే కట్టె కుదించుకొని పగుళ్ళు తీయును. కట్టె కొనువారు పగుళ్ళకొఱకు వెదకుట యిందుకే. పగులు తీయని కట్టెలో లోపలి నీరింకను కదలలేదన్నమాట.

ఇక లెక్క. తాము 100 కిలోల పచ్చికట్టె కొన్నారనుకొనుడు. చెట్టు జాతినిబట్టి దానిలో మూడవవంతు మొదలు సగమువఱకు నీరుండును. మునగ, బూరుగ వంటి మెత్తని మ్రాకులలో సగమునకు మించియు నుండును. మధ్యస్థముగా నూటికి 40 పాళ్ళని పెట్టుకొందము. అనగా కొన్నది 60 కిలోల కట్టె, 40 కిలోల నీరు. దానినే చీల్చి, వేసవిగాలికి ఆఱబెట్టి, నీరు నూటికి 20 పాళ్ళకు దిగిన పిదప కాటాలో పెట్టినచో 75 కిలోలు తూగును. అందులో 60 కట్టె, 15 నీరు. తక్కిన 25 కిలోలు గాలిలో కలిసిపోయినవి. వానికి మనమిచ్చిన రూకలు మాత్రము అడితిదారుని పెట్టెలో నున్నవి.

ఇది నష్టములో ఒక పాలు. రెండవ పాలు పొయ్యిలో జరుగును. ఒక లీటరు నీరు 30 డిగ్రీలనుండి మరుగువఱకు, అనగా 100 డిగ్రీలవఱకు కాగుటకు 70 కేలరీల వేడి చాలును. నేను చెప్పునవి వైద్యులు ఆహారపు లెక్కలలో వాడు పెద్ద కేలరీలు. కాని మరిగిన యా నీరు ఆవిరియై పోవుటకు మఱి 540 కేలరీలు కావలెను. మొత్తము 610. కట్టెలోని ప్రతి లీటరు నీటికిని ఈ కప్పము చెల్లింపక తప్పదు. నీరు వెడలనిదే కట్టె అంటుకొనదు గదా. ఆ 610 కేలరీలును వృథాపోక నీళ్ళ అండాకే చేరినచో ఏమగునో చూడుడు. 25 డిగ్రీల చన్నీరు 40 లీటర్లు స్నానమునకు తగిన 40 డిగ్రీలకు కాగును. ఇద్దఱి స్నానమునకు చాలిన వేడి ఒక లీటరు నీటితోబాటు ఆవిరియై పోవుచున్నది.

రెండు నష్టములను కలిపి చూతము. నీరు బొత్తిగా లేని కట్టె కిలోకు సుమారు 4,500 కేలరీల వేడినిచ్చును. ఈ విషయమున జాతికిని జాతికిని గల భేదము మనమనుకొనునంత పెద్దది కాదు. ఈ లెక్కను ఎండుకట్టె 100 కిలోల వేడిలోనుండి నీటిఖర్చు తీసివేసినచో 3,48,000 కేలరీలు మిగులును; పచ్చికట్టె 100 కిలోలకు 2,46,000 మాత్రమే. అనగా ఎండుకట్టె పది రూపాయల విలువ చేసినచో పచ్చికట్టె విలువ ఏడు రూపాయలు. సగము నీరున్న కట్టెయైనచో ఐదున్నర.

ఇక్కడ అడితిదారుని పక్షమునను ఒక మాట చెప్పవలెను. పచ్చికట్టె 100 క్వింటాళ్ళు తెచ్చి, స్థలము పెట్టి, కూలి పెట్టి, వేసవియంతయు ఆఱబెట్టినవానికి మిగులునది 75 క్వింటాళ్ళు. పెట్టుబడి రాబట్టుకొనుటకే వాడు తూకమునకు మూడవవంతు ధర పెంచవలెను. అట్లు పెంచి యడిగినచో కొందఱు పెద్దలు, ఆ ప్రక్క అడితిలో తక్కువకే వచ్చుచున్నదని లేచిపోదురు. వారు లెక్క తప్పుచున్నారు. మూడవవంతు ఎక్కువ యిచ్చి నిజముగా ఎండిన కట్టె కొన్నవానికి వచ్చు వేడి పచ్చికట్టెకంటె నూటికి 41 పాళ్ళు ఎక్కువ. పైగా పొగ తగ్గును. ఎండబెట్టి యమ్మువాడు దొరికినచో వానిని విడువరాదని నా యభిప్రాయము. విడిచినచో వాడును మఱుసటి యేడు పచ్చికట్టెయే యమ్మును.

పొగ మాట వచ్చినది గనుక దానిని కొంచెము విప్పి చెప్పెదను. కట్టె నేరుగా మండదు. వేడి తగిలినప్పుడు దానినుండి మండెడి వాయువులు వెడలును. ఆ వాయువులు గాలితో కలిసి మండుటయే మంట. చివరకు మిగులునది నిప్పుకణిక. కట్టెలోని వేడిలో పెద్దపాలు ఆ వాయువులలోనే యున్నది. అవి చక్కగా మండుటకు పొయ్యి మిక్కిలి వేడెక్కియుండవలెను. పచ్చికట్టె పెట్టినప్పుడు నీరు ఆవిరియగుచు పొయ్యిని చల్లబఱచుచుండును. వాయువులు పుట్టును గాని మండవు. అట్లు మండక వెడలిన వాయువులు, తారు, మసి, ఆవిరి, వీని కలయికయే మనము చూచెడి పొగ. కనుక పొగ యనగా మనము కొని కూడ కాల్చుకొనజాలక పోయిన కట్టెయే. ఇంటి దూలములకు పట్టిన నల్లని జిగురును ఎన్నడైన గోకి చూచితిరా? అది అడితినుండి తూకమునకు తెచ్చినదే.

దూలములకు పట్టినది గోకవచ్చును. ఊపిరితిత్తులకు పట్టినది గోకుటకు వీలులేదు. ఇండ్లలో కట్టెలు, పిడకలు, బొగ్గులు, కిరసనాయిలు కాల్చుటవలన పుట్టిన పొగచేత 2020వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 32 లక్షలమంది అకాలమరణము పాలైరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. వారిలో అయిదేండ్లు నిండని పసివారు 2 లక్షలకు మించియున్నారు. ఇంట పొయ్యిముందు కూర్చుండువారికి దగ్గు విడువకున్నచో వైద్యుని పిలుచుటతోబాటు కట్టెలగూడును చూడుడు. కట్టె మార్చినంతనే రోగము కుదురునని నేను చెప్పను. పచ్చికట్టె పొగలో కూర్చుండి ఎన్ని మందులు మ్రింగినను ఫలము తక్కువయని మాత్రము చెప్పుదును.

ఇక బేరమునకు వత్తము. కట్టె ఎండినప్పుడు బరువు బాగుగ తగ్గును. కాని దాని పరిమాణము కొద్దిగా మాత్రమే తగ్గును. పచ్చిదైనను ఎండినదైనను బండెడు కట్టె ఇంచుమించు బండెడే. కావున పచ్చికట్టె కొనవలసివచ్చినప్పుడు తూకమునకు కొనక కొలతకు కొనుడు. అప్పుడు నీటికి వెల యియ్యవలసిన పని యుండదు. ఎండినదని రూఢియైన కట్టెను తూకమునకు కొనుడు. మన యూళ్ళలో తఱచు దీనికి తలక్రిందులుగా జరుగుచున్నది. వర్షములలో తడిసిన కట్టెను కాటామీద పెట్టి కొందుము. వేసవిలో ఎండిన కట్టెను ట్రాక్టరు లెక్కన కొందుము.

కొలతకు కొనునప్పుడును కన్ను వేసియుండవలెను. చక్కగా పేర్చిన కుప్పలోనే మూడవవంతు గాలి యుండును. వంకర కొమ్మలు, చిలువలు పలువలు గల కంప అడ్డదిడ్డముగా పడవేసినచో గాలియే ఎక్కువ. ట్రాక్టరు తొట్టిలో ఎగసిపడుచున్న కుప్పను చూచి మురియక, దింపించి, ఒకే నిడివి ముక్కలను ఒక దిక్కునకు పేర్పించి, నిడివి, వెడల్పు, ఎత్తు గజపుబద్దతో కొలిచి ధర తేల్చుకొనుట మేలు. తూకమునకు కొనునప్పుడు మొద్దులకు పట్టిన మన్ను రాల్పించుడు. పైవరుస సన్నని ఎండుపుల్లలు, క్రిందివరుస వేళ్ళమొద్దులు ఉండుట క్రొత్త సంగతి కాదు. నడిమినుండి రెండు మూడు కట్టెలు లాగించి చూడవలెను.

"వేసవంతా ఎండింది బాబూ, అగ్గిపుల్ల గీస్తే చాలు" అని ప్రతి అడితిలోను వినబడును. ఆ మాటకు కట్టెనే సాక్ష్యమడుగవలెను. తెగిన మొగములు చూడుడు. ఎండిన కట్టె మొగమున నడిమినుండి అంచులకు చక్రపు ఆకులవలె పగుళ్ళుండును, రంగు వెలిసియుండును, బెరడు గోటితో ఎత్తిన వదలివచ్చును. రెండు చీలికలు తీసి ఒకదానితో నొకటి కొట్టుడు. ఎండినచో ఖణిల్లుమని మ్రోగును. పచ్చిదైనచో దబ్బుమని మూగపోవును. వాసన చూడుడు; పచ్చిదానికి రసపు వాసన యుండును. ఈ గుఱుతులలో ఏదియు ఒంటరిగా నమ్మదగినది కాదు. తెగిన మొగములు పది దినముల ఎండకే పగులును. లోపల నీరు అట్లేయుండును. కావున లావైన దుంగ నొకదానిని అక్కడికక్కడే గొడ్డలితో చీల్పించి, క్రొత్తగా తెఱచుకొన్న లోపలి ముఖమును చెక్కిలికి ఆనించి చూడుడు. చల్లగా తగిలినచో నీరున్నది. అడితిలో నలుగురు నవ్వుదురేమో, నవ్వనిండు. చేతివ్రేళ్ళు కాయలు కాచినవారికి చెక్కిలియే నమ్మకమైన సాధనము.

ఇంతకంటె నిక్కము కావలసినవారు ఒక కిలో చీలికను ఇంటికి తెచ్చి, వ్రేలిమందపు పుల్లలుగా చీల్చి, వేసవి యెండలో డాబామీద పఱచి, బరువు తగ్గుట నిలిచిపోవు వఱకు దినదినము తూచి చూడవచ్చును. నూఱు గ్రాములు తగ్గినచో అది పొయ్యికి తగిన కట్టె. మూడువందల గ్రాములు తగ్గినచో పచ్చికట్టె. నేడు రెండు సూదులు గల చిన్న తేమమీటర్లును దొరకుచున్నవి. వానిని పైబెరడుమీద గాక క్రొత్తగా చీల్చిన ముఖముమీదనే గ్రుచ్చవలెను. ఆ మీటరు నీటిని ఎండిన కట్టె బరువుతో పోల్చి చెప్పును. నేను పైని మొత్తము బరువులో పాలుగా చెప్పితిని. నా లెక్కలో 20, మీటరు లెక్కలో 25. ఈ తేడా తెలియక వాదులాడుకొనకుందురు గాక.

తేలికగా నున్న కట్టెయెల్ల ఎండినదని భ్రమపడరాదు. పుచ్చు పట్టి పిండి రాలుచున్న కట్టెయు తేలికగనే యుండును. అందులో నీరు లేకున్నను కట్టెయు లేదు. కొలతకు కొన్నవానికి అది కేవలము నష్టము. చెదలుపట్టిన కుప్పను ఇంటికి తెచ్చుట కట్టెలకంటె తలుపులకు, ద్వారబంధములకు ముప్పు.

ఏ జాతి కట్టె మంచిదని తప్పక అడుగుదురు. కిలోకు వేడి అన్ని జాతులకును ఇంచుమించు సమమని పైని చెప్పితిని. భేదమంతయు బరువులోను, కణిక నిలుచుటలోను ఉన్నది. నల్లతుమ్మ చేవగల కట్టె. నిలుకడగా కాలును, దాని కణిక చాలసేపు నిలుచును. చింత వేడిమికి పేరుగన్నది గాని చీల్చుట కష్టము. చీల్చనిచో నడిమి ఎన్నటికి ఆఱదు. కూలి చూచుకొని కొనుడు. సరుగుడు మన దేశపు చెట్టు కాకున్నను కోస్తా యిసుకనేలలలో మనదైపోయినది. 19వ శతాబ్దమున మద్రాసు రాజధానిలో రైలుబండ్ల ఇంజన్లకు కట్టెలకొఱకే దాని తోటలు విరివిగా పెంచిరి. గట్టి కట్టె, బాగుగ మండును, సన్నని వాసములుగా దొరకుటచేత త్వరగా ఆఱును. నేడు సరుగుడు, జామాయిలు, సుబాబులు మానులు చాలవఱకు కాగితపు మిల్లులకు పోవుచున్నవి; కొమ్మలు, మొదళ్ళు మనకు మిగులుచున్నవి. కొమ్మలే కదాయని చిన్నచూపు వలదు. సన్నని కొమ్మ లావైన దుంగకంటె త్వరగా ఎండును.

సర్కారుతుమ్మను తిట్టని రైతు లేడు. ఆ తిట్లలో న్యాయమున్నది. చెఱువు గర్భములను, బంజరులను, బాటలను అది ఆక్రమించినది. 1870ల చివర విత్తనములు తెప్పించి కడప సీమలో నాటించిన ఆ పరదేశపు చెట్టు నేడు తెలుగుసీమయంతట అల్లుకొన్నది. కాని పొయ్యికి దానిని మించిన చౌకకట్టె లేదు. బరువైనది, కొంచెము పచ్చిగ నున్నప్పుడును అంటుకొనును, బొగ్గు గట్టిది. దానిని కొట్టించి కాల్చుకొన్నచో పొలమునకును మేలే. ముండ్లు గ్రుచ్చుకొన్నచో చీముపట్టును గనుక కొట్టువారు చెప్పులు లేక పనిచేయరాదు. మామిడి మధ్యరకము. మునగ, బూరుగ, అవిసె వంటివి రాజవేయుటకే తప్ప నిలిచి కాలవు. గన్నేరు మాత్రము పొయ్యిదరికి రానీయరాదు. తోటలో కొట్టించిన గన్నేరు కొమ్మలు చితుకులలో కలిసిపోవుట కలదు; దాని పొగయు విషమే. జెముడు, బ్రహ్మజెముడువంటి పాలుగారు మొక్కలను కూడ ఏరి పాఱవేయుడు.

ఎప్పుడు కొనవలెనని అడిగినచో మాఘమాసమున కొనుడందును. అప్పుడు దొరకునది పచ్చికట్టెయైనను దిగులులేదు; ఎదుట నాలుగు నెలల ఎండయున్నది. ఆషాఢమున కొనువాడు అడితిదారు చెప్పిన ధరకు, చెప్పిన కట్టె కొనవలసినదే. గాలివానలకు చెట్లు పడినప్పుడు కట్టె చౌకగా వచ్చును. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖసీమలో ఎన్ని చెట్లను పడవైచినదో చూచినవారికి చెప్పనక్కరలేదు. అట్టి కట్టెను కొలతకు కొని వచ్చు వేసవి దాటువఱకు దాచుకొను చోటున్నవాడు కొనవచ్చును. వచ్చు చలికాలమునకే కాల్చుకొందమనువానికి అది చౌక కాదు. చెట్లు కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి విధులున్నవి. అడవికట్టెను చౌకగా తెచ్చినవానిని ఎక్కడిదని అడుగుట పెద్దల ధర్మము.

తెచ్చిన కట్టెను పెట్టుట కొనుటకంటె ముఖ్యము. నీరు గొట్టముల వెంట, అనగా తెగిన మొగములనుండి త్వరగా పోవును. ప్రక్కలకు మెల్లగా పోవును. బెరడు చాటున బొత్తిగ మందముగా పోవును. ఆఱడుగుల దుంగను నిలువునా పడవేసి మూడు వేసవులు చూచుటకంటె, మూరెడు ముక్కలుగా కోయించి నాలుగుగా చీల్పించి ఒక్క వేసవి చూచుట మేలు. చీల్చుట కూడ పచ్చిగ నున్నప్పుడే సులువు. నేలమీద వేయరాదు, నేలతేమ లాగును, చెదలు పట్టును. రాళ్ళమీదనో పనికిరాని దుంగలమీదనో జానెడెత్తున పేర్పించి, వరుసకు వరుసకు గాలి యాడ సందు విడువవలెను. గాలి వచ్చు దిక్కునకు మొగములు చూపవలెను. చాలమంది చేయు తప్పు ఒకటి కలదు. కుప్పనంతయు టార్పాలినుతో పాదములవఱకు కప్పి కట్టుదురు. లోపలి తేమ పోవు దారి లేక బూజు పట్టును. పైకప్పు మాత్రము వేసి ప్రక్కలు తెఱచి యుంచుడు. జల్లు తడి పైపైనే యుండి రెండు దినముల ఎండకు ఆఱిపోవును, దానికి భయపడనక్కరలేదు. శ్రావణ భాద్రపదములలో గాలియే తడిగా నుండుటచేత ఎండిన కట్టెయు కొంత తేమ పీల్చును. కావున రేపటికి కావలసిన కట్టె ఈనాడే పొయ్యి యొద్దకు తెచ్చి పెట్టుకొనుట మన ముత్తవ్వల వాడుక. ఆ వాడుక శాస్త్రసమ్మతము. అయితే నిప్పురవ్వ చేరనంత దూరమున పెట్టవలెను.

కట్టె ఎంత ఎండినదైనను పొయ్యికి గాలి యాడనిచో పొగవేయును. పొయ్యినిండ కట్టెలు క్రుక్కుట కంటె రెండు మూడు చీలికలు ఎడముగా పెట్టి కాలినకొలది లోనికి త్రోయుట మేలు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగగొట్టముతో గూడిన మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానినిగూర్చి ఇంగ్లీషున ఒక పుస్తకము ప్రకటించిరి. పిమ్మట 1980లలో కేంద్రప్రభుత్వము పొగలేని పొయ్యిలను ఊరూర కట్టించినది. వానిలో చాల పొయ్యిలు నేడు లేవు. గొట్టము ఊడ్చువారు లేక మసి పేరుకొని మూసుకొనిపోయినవి కొన్ని. వెడల్పు కట్టె పట్టదని పగులగొట్టుకొన్నవి కొన్ని. పచ్చికట్టె కాల్చు నింట పొగగొట్టమును నెలకొక్కమాఱైన దులుపవలెను. గొట్టములో గట్టిపడిన తారు ఎన్నడైన అంటుకొన్నచో తాటాకు కప్పునకు ప్రమాదము.

చలికాలమున గది వెచ్చబెట్టుకొనుటను గూర్చి చెప్పి ముగించెదను. నెగడు వాకిట వేసికొన్నంతవఱకు చిక్కులేదు. ముసలివారున్న గదిలోను, పురిటి గదిలోను కుంపటి పెట్టి తలుపులు, కిటికీలు బిగించుటయే భయంకరమైన యలవాటు. పొగ లేదు గదా, నిప్పులు శుభ్రముగ ఎఱ్ఱగా నున్నవి గదా యని ధైర్యపడుదురు. మంట లేని నిప్పులనుండి కార్బను మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో లోపలికి పోయి, ప్రాణవాయువునకంటె ఇన్నూఱు రెట్లు ఎక్కువ గట్టిగా నెత్తురును పట్టుకొనును. మొదట తలనొప్పి, పిదప తలతిరుగుడు, వాంతి, ఆపైని మత్తు. నిదురించువారికి ఈ గుఱుతులేవియు తెలియవు. బాలింతకు చలి తగులరాదనునది మంచిమాటయే. గది వెచ్చనగుటకు కుంపటిని సాయంకాలము కిటికీ తెఱచి పెట్టి, పడకవేళకు వాకిటికి తీసివేయుడు. తలనొప్పియన్నవారిని తక్షణము బయటిగాలికి తీసికొని వచ్చి వైద్యశాలకు చేర్చుడు. తీసివేయక కణికలమీద బూడిద కప్పి పడుకొన్నను ఆ వాయువు పుట్టుట మానదు. బూడిదక్రింద నిప్పున్నంతసేపు అది వచ్చుచునే యుండును.